హెచ్‌ఐవి టీకా పరిశోధన గురించి మీ ఊళ్లో సభ పెట్టాలంటే: ఫ్లెక్సీ దగ్గర నుంచి చివరి ప్రశ్న దాకా

మొదటిసారి మే 18న మా టౌన్‌లో కార్యక్రమం పెట్టినప్పుడు ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో "హెచ్‌ఐవి టీకా దినం" అని రాయించాం. పొద్దున్నే ఏడింటికల్లా ఇద్దరు ఆడవాళ్లు ఆటో దిగి వచ్చి, టీకా ఎక్కడ వేస్తున్నారని అడిగారు. వాళ్లలో ఒకామె పక్క మండలం నుంచి కూలి మానుకుని వచ్చింది. టీకా ఇంకా రాలేదమ్మా, దాని గురించి చెప్పడానికే ఈ సభ అన్నాం. ఆమె ఏమీ అనలేదు, కాసేపు కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె కూలి పోయింది మా ఫ్లెక్సీ వల్ల. అప్పటి నుంచి మేం ఏం రాసినా, ఏం మాట్లాడినా మొదటి వాక్యం ఒకటే: "హెచ్‌ఐవికి టీకా ఇంకా లేదు. దాని కోసం పని జరుగుతోంది." ఈ రెండు వాక్యాలూ కలిపి జనానికి నమ్మకంగా చెప్పగలగడమే ఈ కార్యక్రమం అంతా. కింద రాసిందంతా దానికోసమే.

ముందు మీరు చదువుకోండి

మైకు పట్టుకునేవాళ్లకు విషయం తెలియకపోతే మొదటి ప్రశ్నకే సభ చెదిరిపోతుంది, అందుకని కనీసం వారం రోజులు దీనికే కేటాయించండి.

మే 18 ఎందుకంటే, 1997లో అదే రోజు అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ బాల్టిమోర్‌లోని మోర్గాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ, పదేళ్లలోగా హెచ్‌ఐవి టీకా తయారు చేయాలని లక్ష్యం పెట్టారు. మరుసటి ఏడాది నుంచి ఆ తేదీని హెచ్‌ఐవి టీకా అవగాహన దినంగా జరుపుతున్నారు. పదేళ్లు దాటి చాలా ఏళ్లయింది, టీకా రాలేదు. అంతకుముందు 1984లోనే అమెరికా ఆరోగ్య మంత్రి మార్గరెట్ హెక్లర్ రెండేళ్లలో టీకా పరీక్షలకు సిద్ధమవుతుందని చెప్పారు. ఇలా గడువులు చెప్పి తప్పిన చరిత్ర ఈ టీకాకు ఉంది. కాబట్టి మీరు మాత్రం వేదిక మీద ఏ గడువూ చెప్పకండి, "ఇంకో అయిదేళ్లలో వచ్చేస్తుంది" అని ఎవరైనా అతిథి అంటే మైకులోనే మర్యాదగా సరిదిద్దండి.

ప్రయోగాల చరిత్రలో నాలుగైదు మైలురాళ్లు గుర్తుంటే చాలు. 2009లో థాయ్‌లాండ్ ప్రయోగం ఫలితాలు వచ్చాయి. 16,000 మందికి పైగా వాలంటీర్లు పాల్గొన్నారు, టీకా వేసినవాళ్లలో 51 మందికి, ఉత్తుత్తి సూది వేసినవాళ్లలో 74 మందికి హెచ్‌ఐవి సోకింది. అంటే రక్షణ సుమారు 31 శాతం. వాడకానికి పనికొచ్చేంత కాదు, కానీ ఒక టీకా కొంతైనా అడ్డుకోగలదని మనుషుల్లో కనపడింది అప్పుడే. దాన్ని మెరుగుపరిచి దక్షిణాఫ్రికాలో 5,400 మందితో చేసిన ప్రయోగాన్ని ఫలితం లేదని 2020 ఫిబ్రవరిలో ఆపేశారు. ఆఫ్రికాలోని అయిదు దేశాల్లో 2,600 మంది యువతులతో చేసిన 'ఇంబొకోడో' 2021లో, అమెరికా ఖండాల్లోనూ యూరప్‌లోనూ చేసిన 'మొజాయికో' 2023లో అలాగే ఆగిపోయాయి.

ఇవన్నీ చెబితే జనం నిరుత్సాహపడతారేమో అని మాకు మొదట టెన్షన్ ఉండేది. అలా ఏం జరగలేదు. పంట పోయిన రైతుకు మళ్లీ విత్తనం వేయడం కొత్త కాదు, ఏ మడిలో ఏది మొలవలేదో రాసిపెట్టుకోవడం ఎందుకో వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

మన దేశం సంగతి కూడా చెప్పాలి. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాల్లోనే మన దేశంలో హెచ్‌ఐవి మొదటిసారి బయటపడింది. 2005లో పుణేలోని జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థలో, ఆ తర్వాత చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రంలో టీకాల తొలిదశ ప్రయోగాలు జరిగాయి. ఒక్కోదాంట్లో పాల్గొన్నది సుమారు ముప్ఫై మంది. ఇక్కడివాళ్లే చేయి చాపి సూది వేయించుకున్నారన్న మాట విన్నాక సభలో ముఖాలు మారతాయి, అప్పటిదాకా అది ఎక్కడో విదేశాల సంగతి.

తేదీ, చోటు, నీడ

డిసెంబర్ 1 ప్రపంచ ఎయిడ్స్ దినం రోజున ర్యాలీలు అందరూ చేస్తారు, టీకా మాట అందులో మునిగిపోతుంది. మే 18నే పెట్టుకోండి. కానీ మన మే నెల ఎలా ఉంటుందో తెలుసు కదా, పది దాటితే రోడ్డు మీద మనిషి కనపడడు. అందుకని పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా, లేదంటే సాయంత్రం ఆరు తర్వాత. రాత్రి పది తర్వాత మైకు వాడకూడదు, పోలీసు అనుమతి, రోడ్డు పక్కనైతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి రెండు వారాల ముందే తీసుకోండి. పెళ్లి ముహూర్తాలున్న రోజైతే షామియానా, మైక్ సెట్ దొరకవు, దొరికినా రెట్టింపు అడుగుతారు. పంచాంగం చూసి ఏప్రిల్‌లోనే అడ్వాన్స్ ఇచ్చేయండి.

మాకు అన్నిటికంటే బాగా కలిసొచ్చింది చలివేంద్రం. బస్టాండ్ దగ్గరో, రైతు బజార్ దగ్గరో, వారపు సంత దగ్గరో మట్టికుండలు పెట్టి మజ్జిగ పోయండి. సభకు రమ్మంటే రానివాళ్లు మజ్జిగకు ఆగుతారు, గ్లాసు తాగేంతసేపు మీ మాట వింటారు. హెచ్‌ఐవి అని రాసి ఉన్న టెంట్‌లోకి నలుగురూ చూస్తుండగా అడుగుపెట్టాలంటే మన ఊళ్లలో ఇప్పటికీ భయమే, చలివేంద్రం దగ్గర ఆ భయం ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. హెచ్‌ఐవి ఉన్నవాళ్ల చేతి నీళ్లు తాగితే సోకుతుందనే అపోహ ఇంకా ఉంది, అదే కుండ, అదే గ్లాసు దగ్గర నిలబడి ఆ మాట తప్పని చెప్పడం వేదిక మీద చెప్పినదానికంటే గట్టిగా తగులుతుంది.

మేలో కాలేజీలకు సెలవులు కాబట్టి రెడ్ రిబ్బన్ క్లబ్ (కాలేజీల్లో హెచ్‌ఐవి గురించి అవగాహన కల్పించే విద్యార్థుల క్లబ్) పిల్లలు దొరకరని వదిలేయకండి. వాళ్లు సొంత ఊళ్లలోనే ఉంటారు. ఏప్రిల్‌లో, కాలేజీ మూసేలోపే వెళ్లి ఎవరిది ఏ ఊరో రాసుకోండి.

ఎవరిని ముందు కలవాలి

అధికారుల దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు, ముందు మీ జిల్లాలో హెచ్‌ఐవితో జీవిస్తున్నవాళ్ల సంఘాన్ని కలవండి. హెచ్‌ఐవికి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో అడిగితే చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 3 లక్షల మందికి పైగా హెచ్‌ఐవితో జీవిస్తున్నారు, దేశంలో ఎక్కువమంది ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. వాళ్లను పక్కన పెట్టి వాళ్ల గురించి సభ పెడితే అది వాళ్లకు ఇంకో అవమానం. మేం వెళ్లినప్పుడు ఒక అక్క సూటిగా అడిగింది: "టీకా వస్తే మీకు, మాకేంటి?" సరైన ప్రశ్న. ఇప్పుడు జరుగుతున్న పరిశోధన ఎక్కువగా సోకనివాళ్లను కాపాడే టీకా కోసం. ఉన్నవాళ్లకు రోజూ వేసుకునే ఏఆర్‌టీ మందులే ఆధారం. ఆ మందులు మానకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గిన స్థితిలో ఉంటే శృంగారం ద్వారా అవతలివాళ్లకు సోకదు. ఇది ఆమెకు ముందే తెలుసు. "అయితే ఇది కూడా మీ సభలో చెప్పండి, అప్పుడు వస్తాం" అంది. ఆ ఏడు నుంచి మా సభలో టీకా గురించి ఎంతసేపు మాట్లాడితే మందుల గురించి అంతసేపు మాట్లాడుతున్నాం.

వాళ్లలో ఎవరినీ వేదిక మీదికి వచ్చి "నాకు హెచ్‌ఐవి ఉంది" అని చెప్పమని అడగకండి. ఎవరైనా తామే ముందుకొస్తే, ఇంట్లో పిల్లలతో మాట్లాడారా, రేపు అద్దె ఇంటివాళ్లతో ఇబ్బంది రాదా అని రెండుసార్లు అడిగి, చివరి నిమిషంలో వద్దనుకున్నా ఫరవాలేదని చెప్పండి.

తర్వాత ఐసీటీసీ (హెచ్‌ఐవి పరీక్ష చేసి సలహా ఇచ్చే కేంద్రం) కౌన్సిలర్, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు, డ్వాక్రా సంఘాల లీడర్లు, జిల్లా ఎయిడ్స్ నియంత్రణ విభాగం. వీళ్లలో కౌన్సిలర్ చాలా ముఖ్యం, మీకు తెలియని ప్రశ్న వచ్చినప్పుడు మైకు ఆయనకో ఆమెకో ఇవ్వొచ్చు.

కరపత్రంలో మాటలు

ఒక పేజీ మించకూడదు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. పైన ఆ రెండు వాక్యాలు. కింద 1097, ఇది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వాళ్ల ఉచిత హెల్ప్‌లైన్. మీ ఊరికి దగ్గరి ఐసీటీసీ ఎక్కడుందో, ఏ టైమ్‌కి తెరుస్తారో. అంతే. "ఎయిడ్స్ రోగులు", "బాధితులు", "మహమ్మారి", "ప్రాణాంతక" లాంటి మాటలు, పుర్రె బొమ్మలు వద్దు, వాటిని చూసి జనం పరీక్షకు రారు, దాక్కుంటారు.

ఎర్ర రిబ్బన్‌ను తలకిందులుగా పెట్టుకుంటే ఇంగ్లిష్ 'వి' అక్షరంలా కనపడుతుంది, వ్యాక్సిన్‌కు గుర్తుగా ఈ రోజున అలా పెట్టుకుంటారు. వాలంటీర్లందరికీ అలాగే గుచ్చండి. "రిబ్బన్ తిరగబడింది చూడు" అని ఎవరో ఒకరు తప్పక చెబుతారు, మాట కలపడానికి అంతకంటే మంచి సందు దొరకదు.

దొంగ – పోలీసు: పది నిమిషాల ఆట

టీకా ఎందుకింత కష్టమో చెప్పడానికి మేం బొమ్మలు, చార్టులు వాడి చూశాం, ఎవరూ చూడలేదు. చివరికి పిల్లలతో ఆడించిన ఈ ఆట నిలిచింది. డప్పు ఒకటి, చొక్కాలు అయిదారు, ఒక శాలువా ఉంటే చాలు. బుర్రకథ చెప్పేవాళ్లు మీ దగ్గర దొరికితే వాళ్ల చేత వంతపాటతో చెప్పిస్తే ఇంకా బాగుంటుంది.

మొదట మామూలు దొంగ వస్తాడు, ఎర్ర చొక్కాతో. పోలీసుల దగ్గర ఎర్ర చొక్కా ఫొటో ఉంటుంది, గుమ్మంలోనే పట్టుకుంటారు. మామూలు టీకా చేసే పని ఇదీ: దొంగ రాకముందే ఫొటో చూపించి పెట్టడం.

రెండో దొంగ హెచ్‌ఐవి. ఎర్ర చొక్కాతో వస్తాడు, పోలీసులు ఫొటో తీసుకునేలోపు పచ్చ చొక్కా, పచ్చ చొక్కా ఫొటో తెచ్చేలోపు నీలం చొక్కా. డప్పు వేగం పెరుగుతుంటే చొక్కాలు మారుతూనే ఉంటాయి, పిల్లలు అరుస్తూ లెక్కపెడతారు. నిజంగానే ఈ వైరస్ ఒక మనిషి ఒంట్లోనే లెక్కలేనన్ని రూపాలు మార్చేస్తుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. దొంగ ఎక్కడ దాక్కుంటాడు? పోలీస్ స్టేషన్‌లోనే. హెచ్‌ఐవి పట్టుకునేది మన రోగనిరోధక వ్యవస్థలోని సీడీ4 కణాలనే, వాటి జన్యుపదార్థంలోకే తన రాతను ఇరికించేస్తుంది. ఒకసారి లోపలికి పోయాక బయటికి లాగడం ఎవరి తరమూ కావడం లేదు, అందుకే టీకా పని చేయాలంటే గుమ్మంలోనే ఆపాలి.

మరి దారి లేదా అంటే ఉంది. ఎన్ని చొక్కాలు మార్చినా దొంగ మెడ మీద ఒక మచ్చ ఉంటుంది, అది మారదు. కానీ దాని మీద శాలువా కప్పుకుంటాడు. వైరస్ పైపొర మీద కూడా మారకుండా ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిని చక్కెర అణువుల పొర కప్పేస్తుంది. హెచ్‌ఐవి సోకిన కొద్దిమందిలో, ఏళ్ల తర్వాత, ఆ మచ్చను గుర్తుపట్టే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారవుతాయి. అవి అనేక రకాల హెచ్‌ఐవి రూపాలను ఆపగలవు. అలాంటివాటిని సోకకముందే, దశలవారీగా శిక్షణ ఇచ్చి తయారు చేయించడం ఇప్పటి పరిశోధనల్లో ముఖ్యమైన దారి. 2022 చివర్లో ప్రచురించిన ఒక తొలిదశ ప్రయోగంలో టీకా వేసిన 36 మందిలో 35 మందికి ఆ శిక్షణలో మొదటి మెట్టు పడింది. ఆటలో కొత్త పోలీసుకు మొదట శాలువా గుర్తుపట్టడం, తర్వాత లాగడం, ఆ తర్వాత మచ్చ చూడటం నేర్పించి, ఇప్పటికి మొదటి పాఠమే అయిందని చెప్పి ఆపేయండి. దొంగ దొరికినట్టు చూపించకండి. మేం ఒక ఏడు చప్పట్ల కోసం పట్టించేశాం, సభ అయ్యాక ఒక పెద్దాయన వచ్చి "అయితే టీకా దొరికినట్టేగా బాబూ" అన్నాడు.

తప్పక వచ్చే ప్రశ్నలు

వీటికి జవాబులు వాలంటీర్లందరికీ నోటికి రావాలి, ముందు రోజు కూర్చోబెట్టి ఒకరినొకరు అడిగించండి.

"కరోనా టీకా ఏడాదిలో వచ్చింది, దీనికి నలభై ఏళ్లా?" కరోనా వచ్చినవాళ్లలో ఎక్కువమంది తమంతట తామే కోలుకున్నారు, అంటే దాన్ని ఓడించడం మన ఒంటికి తెలుసు, టీకా ఆ దారినే పోయింది. హెచ్‌ఐవిని అలా తనంతట తాను పూర్తిగా వదిలించుకోవడం ఒంటికి దాదాపు ఎప్పుడూ సాధ్యం కాదు, అనుకరించడానికి దారే లేదు. కరోనా టీకాల్లో వాడిన ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతిని ఇప్పుడు దీనికీ ప్రయత్నిస్తున్నారు. ఆ ప్రయోగాల్లో కొందరికి చర్మం మీద దద్దుర్లు వచ్చాయి, ఆ సంగతీ దాచకుండా ప్రచురించారు. అది కూడా చెప్పండి.

"ప్రయోగం టీకా వల్లే హెచ్‌ఐవి అంటుకోదా?" టీకా వల్ల అంటుకోదు, అందులో బతికున్న వైరస్ ఉండదు. అయితే టీకా వల్ల తయారైన ప్రతిరక్షకాలను చూసి మామూలు రక్తపరీక్ష కొందరికి పాజిటివ్ అని చూపించవచ్చు. నిజంగా వైరస్ ఉందో లేదో వేరే పరీక్షతో తేలుతుంది.

"ఆరు నెలలకో సూది వచ్చిందంట, అదేగా టీకా?" ఈ ప్రశ్న ఈ మధ్య బాగా పెరిగింది. ఆ సూది లెనకాపవిర్. 2024లో వెల్లడైన ప్రయోగ ఫలితాల్లో, దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో అది వేయించుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవి సోకలేదు. 2025 జూన్‌లో అమెరికా అనుమతించింది. పేద, మధ్య ఆదాయ దేశాల కోసం చవకగా తయారు చేసే లైసెన్సు పొందిన కంపెనీల్లో మన హైదరాబాద్‌వి రెండున్నాయి, డాక్టర్ రెడ్డీస్, హెటిరో. ఏడాదికి సుమారు 40 డాలర్లకు 2027 నుంచి ఇచ్చే ఒప్పందాలు కుదిరాయి. గర్వంగా చెప్పండి. కానీ అది మందు, టీకా కాదు. టీకా మన ఒంటికి పోరాటం నేర్పి వెళ్లిపోతుంది. ఈ మందు ఒంట్లో ఉన్నంతకాలమే కాపలా కాస్తుంది, ఆరు నెలలు దాటితే మళ్లీ వేయించుకోవాలి. అంత మంచి మందు వచ్చాక టీకా ఎందుకంటారా, ఏడాదికి రెండుసార్లు గుర్తుపెట్టుకుని, ఎవరికంటా పడకుండా, సెలవు పెట్టి వెళ్లి సూది వేయించుకోవడం ఎంతమందికి జీవితాంతం కుదురుతుంది?

"పేదవాళ్ల మీదేగా ఈ ప్రయోగాలన్నీ?" దీన్ని దాటవేయకండి, అడిగినవాళ్ల మీద విసుక్కోకండి. మన దగ్గర ఆ అనుమానానికి కారణం ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను పరిశీలన కార్యక్రమం కింద వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు, తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారని విచారణలో బయటపడింది. 2010లో కార్యక్రమం ఆపేశారు. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు, ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పినా, సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఇది మన గడ్డ మీద జరిగింది, మనమే చెప్పాలి. చెప్పాక సమ్మతి అంటే ఏమిటో వివరించండి: మన భాషలో పూర్తిగా చెప్పాలి, ఆలోచించుకోవడానికి టైమ్ ఇవ్వాలి, మధ్యలో మానేస్తానంటే మానేయనివ్వాలి. 2017 హెచ్‌ఐవి చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయడం, పరిశోధనలో చేర్చుకోవడం కుదరదు. మన దేశంలో ఏ ప్రయోగమైనా క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి, దాన్ని ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. మన సభ ఎవరినీ ప్రయోగాల్లో చేర్చుకోవడానికి కాదని కూడా గట్టిగా చెప్పండి, ఒక్క ఫోన్ నంబరు కూడా రాసుకోకండి.

"డబ్బులు దండగ కదా?" 2025లో అమెరికా ప్రభుత్వం డ్యూక్ విశ్వవిద్యాలయం, స్క్రిప్స్ సంస్థల ఆధ్వర్యంలోని రెండు పెద్ద టీకా పరిశోధన బృందాలకు నిధులు కొనసాగించబోమని చెప్పేసింది. మొదటి మెట్టు పడిన తర్వాత ఇలా జరగడం నాకు చాలా బాధ కలిగించింది. మన చలివేంద్రం దగ్గర పదిమందికి తెలిస్తే ఆ నిధులు తిరిగి రావు, నిజమే. కానీ జనం పట్టించుకోని పరిశోధనను ఆపేయడం ఏ ప్రభుత్వానికైనా తేలిక, మన ప్రభుత్వాలకు కూడా.

పరీక్షలు, ఫొటోలు

సభ దగ్గరే రక్తపరీక్షలు పెడదామని ఎవరో ఒకరు అంటారు. కౌన్సిలర్, విడిగా గది, పాజిటివ్ వస్తే వెంటనే ఏఆర్‌టీకి పంపే ఏర్పాటు, ఈ మూడూ లేకపోతే వద్దు. నలుగురి మధ్య టెంట్‌లో ఫలితం ముఖంలో కనపడిపోతుంది. ఐసీటీసీ దారి చెప్పండి చాలు.

ఫొటోలు వేదిక మీదివాళ్లవి, ఆట ఆడే పిల్లలవి మాత్రమే, అదీ పిల్లల ఇళ్లలో అడిగి. వచ్చిన జనం ముఖాలు వాట్సాప్ గ్రూపుల్లోకి వెళితే వచ్చే ఏడు ఒక్కరూ రారు. విలేకరులకు ఈ మాట ముందే చెప్పండి.

అర్థమైందో లేదో తెలుసుకోవడం

మేం చింతగింజలు వాడతాం. మజ్జిగ కుండల పక్కన రెండు వరసల్లో మూడేసి చిన్న ముంతలు: "టీకా వచ్చేసింది", "ఇంకా రాలేదు", "నాకు తెలియదు". చదవలేనివాళ్లకు నోటితో చెప్పండి. వచ్చేటప్పుడు మొదటి వరస ముంతల్లో ఒక గింజ, వెళ్లేటప్పుడు రెండో వరస ముంతల్లో ఒక గింజ. పేరు లేదు, సంతకం లేదు. రాత్రి కూర్చుని లెక్కపెట్టుకోండి. వెళ్లేటప్పటి "వచ్చేసింది" ముంతలో గింజలు ఎక్కువుంటే మీ మాటల్లో ఎక్కడో ఆశ శ్రుతి మించిందని అర్థం, వచ్చే ఏడు స్క్రిప్టు అక్కడ మార్చాలి.

ఇంకో ఖాళీ డబ్బా పెట్టి, పేరు లేకుండా ప్రశ్నలు రాసి వేయమనండి. నోటితో అడగలేనివి అందులోకే వస్తాయి. ఒకసారి ఒక చీటీలో "మా ఆయనకి ఉంది, నాకు లేదు, టీకా వచ్చేదాకా ఏం చేయాలి" అని ఉంది. ఆ చీటీలన్నీ మర్నాడు కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్లి, జవాబులు రాయించుకుని, ఆ వారం డ్వాక్రా మీటింగుల్లో, ఎవరి ప్రశ్నో ఎవరికీ తెలియకుండా అన్నీ కలిపి చదివించాం. ఈ పనికి మీ వాలంటీర్లలో ఒకరిని ముందే కేటాయించండి, సభ అయిపోయిన అలసటలో అందరూ మర్చిపోయేది ఇదే.